చదివింపుల చక్కెర

బెంగళూరులో నేనుండే వీధి చివర కొట్టాయన పొద్దున్నే ఊదు పొగ వేస్తాడు. ఆ వాసన తగిలితే చాలు, చేతిలో పాల ప్యాకెట్టుతో అక్కడే నిలబడిపోతాను. ముదిగుబ్బ పక్కన మా ఊరు, పీర్ల చావిడి, వేడి బూడిద, గడ్డకట్టిన చక్కెర అన్నీ ఒక్కసారే ముక్కులోకి వచ్చేస్తాయి.

నా పేరు మస్తానమ్మ. మాది గొర్రెలు కాసుకునే హిందువుల ఇల్లు. అమ్మ పీర్లకు మొక్కుకుంటే పుట్టానట, అందుకే ఆ పేరు. ఊళ్లో దానికి ఎవరూ ఆశ్చర్యపోలేదు గానీ, ఇక్కడ అద్దె ఇల్లు అడిగినా సంజాయిషీ చెప్పుకోవాలి.

పీర్ల పండగ ఏ కాలంలో వచ్చినా మా ఊరికి దుమ్ములోనే వచ్చేది. ఇంటింటి నుంచీ చక్కెర పళ్లెం, రొట్టె బెల్లం పిసికిన మలీద ముద్దలు చావిడికి చేరేవి. దూదేకుల హుసేనప్ప తాత వాటి మీద చదివింపులు చదివేవాడు. పెళ్లి చదివింపులు అనుకునేరు, కాదు. దువా ప్రార్థన ముగించి ఇంటిల్లిపాది పేర్లు వరసగా పిలిచేవాడు, పిలిచినవాళ్లు "ఉండా" అని, అంటే ఉన్నానని, పలకాలి. చావిడి ముందు నిప్పుల గుండం చుట్టూ ఎగిరేవాళ్లు, గోడలెక్కిన పిల్లలు, గుమ్మాల్లోంచి బాలింతలు, ఊరంతా "ఉండా, ఉండా" అంటుంటే నా కళ్లు మాత్రం చీమలు పడుతున్న చక్కెర మీదే ఉండేవి.

ఒక ఏడు నా నేస్తం లచ్చుమి నిద్రపోయి పలకలేదు. ఆ ఏడే వాళ్ల బోరు ఎండింది, ఇంటిల్లిపాదీ బెంగళూరు ఇటుక బట్టీలకు పోయారు. పలకనందుకే పోయిందని నేను గట్టిగా నమ్మాను. మరుసటి పండక్కి వాళ్ల పళ్లెం రాకపోయినా తాత దాని పేరు పిలిచాడు. గొంతు మార్చి నేనే "ఉండా" అన్నాను.

తాత నవ్వలేదు. "యాడో ఒగసోట ఉండాదిలే" అన్నాడు.

వాన మొహం చాటేసిన ప్రతిసారీ ఒక వీధి పలచబడింది. మేమూ పోయాం. తాత కన్నుమూశాక దూదేకుల వీధిలో ఆయన భార్య కాశింబీ అవ్వ ఒక్కతే మిగిలింది.

మొన్న పండక్కి వెళ్లాను. చదివే మనిషి లేడని చావిడి తలుపే తీయరేమోనని దారంతా భయం. నా పేరు పెట్టి పిలిచే ఊరు నాకు ఇంకొకటి లేదు. వెళ్లేసరికి అవ్వే తలుపు తీసి, ఊదు వేసి కూర్చుంది.

"దువా నాకు రాదు పాపా. పేర్లొస్తాయి" అంది.

ఊరొదిలి పోయినవాళ్లతో సహా అందరినీ పిలిచింది. పలికేవాళ్లు ఏ నలుగురో. మిగతావాళ్లందరి బదులూ నేనే "ఉండా" అంటూ పోయాను, లచ్చుమి బదులు కూడా. ఏడుపొచ్చింది.

అన్ని పేర్లూ అయిపోయాయి, అవ్వ పేరు మాత్రం రాలేదు. అదేమిటని అడిగాను.

"నా పేరు మీ తాత పిల్చేటోడు. నేనే పిల్చుకొని నేనే పలుకుతానా?"

"కాశింబీ" అని పిలిచాను. అవ్వ కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, "ఉండా" అంది.

వచ్చేటప్పుడు అవ్వ కట్టిచ్చిన చక్కెర పొట్లం నా వంటింట్లో ఉంది. గుండం పూడిపోయింది, వీధులు పూడిపోతున్నాయి. ఈ పొద్దున కొట్టు ముందు ఊదు పొగలో నిలబడి నా పేరు నేనే మెల్లగా పిలుచుకుని చూశాను. పలకబుద్ధి కాలేదు.