ఫౌస్తుస్ సమాధి గొట్టం

కార్తేజి నగరంలో, చక్రవర్తిగారి కచేరీ బానిసల శ్మశానంలో, చచ్చిపోయిన కొడుకుల్ని తలుచుకుని ఏడ్చిన తల్లులు చాలామందే ఉన్నారు. చచ్చిపోయిన కొడుకుని బద్ధకిస్తున్నావని చీవాట్లు పెట్టిన తల్లి మాత్రం అరీషత్ ఒక్కతే.

ఆవిడ నలభై ఏళ్ళు కచేరీ గుమాస్తాల బట్టలు ఉతికింది. మురికి వదలడానికి బట్టలు నానేసే పులిసిన మూత్రం తొట్టిలో దిగి తొక్కీ తొక్కీ ఆవిడ పాదాల మీద మురికీ మిగల్లేదు, చర్మమూ మిగల్లేదు. మొగుణ్ణి ఎక్కడో దూరాన గోధుమ గిడ్డంగికి పంపేశారు, మళ్ళీ కబురు లేదు. ఇక మిగిలింది కొడుకు ఫౌస్తుస్. కచేరీ ఉత్తరాలు పట్టుకుని పరిగెత్తే ఉద్యోగం. పంతొమ్మిదో ఏట నూనె బండి కింద పడి పోయాడు. చేతిలో ఉత్తరం మాత్రం చెక్కు చెదరలేదని పై అధికారి స్వయంగా వచ్చి ఓదార్చాడు.

బూడిద కుండలో పెట్టి, దానిమీద సున్నపు అరుగు కట్టి, అరుగు పైనుంచి కుండ దాకా మట్టి గొట్టం దించారు. పోయినవాళ్ళకి దాహం ఎక్కువ. అరీషత్ నెలకోసారి తేనె కలిపిన ద్రాక్షసారా ఆ గొట్టంలో పోసి, గుడగుడమని దిగే చప్పుడు చెవి ఆనించి విని, తృప్తిగా ఇంటికెళ్ళేది. రెండో ఏడు ఒక నెల పోసింది పోసినట్టే పొంగి ఒళ్ళో పడింది.

కొక్కెం పెట్టి కెలికితే, చిటికెన వేలంత సీసపు రేకు చుట్ట బయటపడింది. దానికి అడ్డంగా మేకు దిగ్గొట్టి ఉంది. ఫౌస్తుస్‌తో పనిచేసిన గుమాస్తా ఒకడు విప్పి చదివిపెట్టాడు.

"అకాలంలో పోయినవాడా, నువ్వెవరివైనా సరే, రెస్తూతా కన్న హిలారుస్‌ని, నీలిజట్టు రథం తోలేవాణ్ణి, కట్టిపడెయ్యి. మలుపులో కిందికి లాగెయ్యి. పని అయ్యేదాకా నీకు నిద్ర లేదు."

ఆయుష్షు తీరకుండా పోయినవాళ్ళు పైకి పోలేక ఇక్కడే తచ్చాడుతుంటారనీ, ఖాళీగా ఉన్నారు కదా అని మంత్రగాళ్ళు వాళ్ళకి పనులు పురమాయిస్తారనీ ఊరందరితోబాటు అరీషత్‌కీ తెలుసు. అది తన ఇంటిదాకా వస్తుందని మాత్రం అనుకోలేదు. బతికుండగా మోసిన ఉత్తరాలు చాలలేదా అని ఏడ్చింది.

ఇలాంటి రేకులు రాసే మంత్రగాడు బారిక్ ఓడరేవు వెనక ఉంటాడు. మహా మర్యాదస్థుడు. అరీషత్ వెళితే పీట వేసి కూర్చోబెట్టాడు.

"మావాణ్ణి వదిలెయ్యండయ్యా. రేకు తీసేశాగా" అంది అరీషత్.

"రేకు తీస్తే ఉత్తర్వు పోతుందా అమ్మా? అది అందేసింది. కచేరీలో చేసినవాడు, ఆమాత్రం మీవాడికి తెలుసు. పని అయ్యాక సెలవు."

"అందాకా?"

"అందాకా కన్ను మూతపడదు. మీరు పోసింది గొట్టం దిగుతుంది గానీ గొంతు దిగదు. పనిమీద ఉన్నవాళ్ళు తాగకూడదు." గొంతు తగ్గించాడు. "కొందరు కుర్రాళ్ళు పోయాక బద్ధకిస్తారు. మీరు కాస్త చెప్పి చూడండి."

అరీషత్ చెప్పి చూసింది. మొదట బతిమాలింది. మూడో నెలకి గొట్టంలో నోరు పెట్టి, నీతోటివాళ్ళు ఎంతమందిని పడగొట్టారో చూడరా అని దెప్పింది. పందెం ఉన్న ప్రతిరోజూ శనగలు మూటగట్టుకుని వెళ్ళి నీలిజట్టు ఓడాలని కోరుకునే పచ్చజట్టు వాళ్ళ మధ్య కూర్చునేది. హిలారుస్‌కి పద్దెనిమిదేళ్ళు. గెలిచినప్పుడల్లా గుర్రాల మూతులు ముద్దుపెట్టుకునేవాడు. పిల్లాడు చూడముచ్చటగా ఉంటాడని అరీషతే ఒప్పుకునేది. అందుకే ఆవిడకి మరింత ఒళ్ళు మండేది.

ఐదో నెలలో మలుపు దగ్గర అతని చక్రం రాతికి కొట్టుకుంది. నడుముకి చుట్టుకున్న పగ్గాలు కోసుకోవడానికి రథికులకి ఒక కత్తి ఉంటుంది. అది ఒరలోనే ఉంది. గుర్రాలు అతన్ని ఈడ్చుకుంటూ ఇంకో చుట్టు పూర్తిచేసి గాని ఆగలేదు. అంతమంది జనంలో అరీషత్ లేచి నిలబడి, "మా నాయనే" అంది.

అక్కణ్ణుంచి తిన్నగా శ్మశానానికి వెళ్ళి ముంత మొత్తం పోసింది. గుడగుడ విని, ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

మరుసటి నెల వెళ్ళేసరికి సమాధి దగ్గర పదిమంది వరస కట్టి ఉన్నారు. గొట్టం అంచుదాకా సీసపు చుట్టలు. బారిక్ ఆవిణ్ణి చూసి, "ఈ తల్లి కడుపునే పుట్టాడు" అని అందరికీ పరిచయం చేశాడు. మీవాడు కోర్టు వ్యాజ్యాలు కూడా చూస్తాడా అని ఒకాయన వినయంగా అడిగాడు. సెలవన్నారు కదయ్యా అని అరీషత్ నిలదీస్తే, సెలవు ఆ ఒక్క పనికేననీ, సమర్థుడికి తీరిక ఎక్కడిదనీ బారిక్ నొచ్చుకున్నాడు.

వరస చివర జుట్టు విరబోసుకున్న ఒకావిడ ఉంది. ముందుకొచ్చి అరీషత్ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నా పేరు రెస్తూతా అక్కా. హిలారుస్ తల్లిని. మీవాడి మీద నాకు కోపం లేదు. చెప్పిన పని చేశాడు. చెప్పినవాళ్ళు కావాలి నాకు. రాయించినవాళ్ళూ, నా బిడ్డ చావు కోరినవాళ్ళూ, ఎప్పుడెప్పుడని తొందరపెట్టినవాళ్ళూ. వాళ్ళెవరో మీవాడికే కదా తెలిసేది?"

అని చేతిలో ఉన్న చుట్ట ఇవ్వబోయింది. "మీ చేత్తో వెయ్యండక్కా. మీ మాటంటే వింటాడట."

బారిక్ ఆకాశంలో ఏదో పక్షిని చూస్తున్నాడు.

గొట్టం నిండిపోయిందమ్మా, రేపు రా, ఖాళీ చేసి ఉంచుతాను అంది అరీషత్. నీ కడుపు చల్లగుండా అని దీవించి రెస్తూతా వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక అరీషత్, పక్క సమాధి కడుతున్న తాపీవాడిదగ్గర దోసెడు అడుసు అడిగి తెచ్చింది. గొట్టంలో ఉన్న చుట్టల్ని తియ్యలేదు. పడ్డవి ఎలాగూ పడ్డాయి, ఇంకా పడని రెస్తూతా చుట్ట ఒక్కటే ఆవిడకి ముఖ్యం. వాటిమీదే పెంకుముక్కలు కుక్కి, అడుసు మెత్తి, తడి చేత్తో నున్నగా అలికింది. ఇంకెలా పోస్తావమ్మా అని తాపీవాడు అడిగితే, వాడు ముందునుంచీ ఓర్పున్నవాడే అంది.

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. నెలనెలా వచ్చి అరుగు తుడిచి వెళ్ళేది. వంగి చెవి ఆనించడం మాత్రం మానేసింది.