ఆరని ముఖం

గులాం నబీ చౌటుప్పల్ హైవే పక్కన బోర్డులు రాసేవాడు. లారీల వెనక నెమళ్ళు, కిరాణా కొట్ల మీద పేర్లు, ఎలక్షన్లొస్తే గోడలు. అంత వాటమున్న చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత మామిడికాయలు గీయించిన నాకు ఈ మాట ఒప్పుకోవడం అంత సుఖంగా ఏమీ లేదు.

తొంభై ఒకటి వేసవిలో ఒక పాత క్యాలెండరు చుట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఏదో మందుల కంపెనీ పంచింది. అందులో వందేళ్ళ కిందటి ఫ్రాన్సు బొమ్మ: కిటికీ పక్కన ఒక స్త్రీ తల వంచి బట్ట కుట్టుకుంటోంది. గది నిండా పసుప్పచ్చ వెలుతురు. ఆయిల్ పెయింటింగ్ నేర్పమన్నాడు, అదీ ఈ బొమ్మతోనే.

ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. భార్య జులేఖా కాన్పులో పోయి నాలుగేళ్ళయింది. ఆ రోజు అతను మర్రిగూడలో గోడలు రాస్తున్నాడు. కబురంది ఇల్లు చేరేసరికి శవానికి కఫన్ గుడ్డ చుట్టేశారు. ప్రాణం పోతే నికా తెగినట్టేనని, మొగుడు ముఖం చూడకూడదని ఇంట్లో పెద్దలు అడ్డుపడ్డారు. వాళ్ళ ఆడవాళ్ళకు ఫొటో దిగే అలవాటు లేదు.

"ముఖం మర్చిపోతున్న సారూ" అన్నాడు. "గీమె కూసున్న తీరు జులేఖా తీరే. రంగులు పెడ్తాంటే యాదికొస్తదేమో."

నేర్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. బోర్డులు రాసేవాడికి గీత కావాలి. ఈ బొమ్మలో గీతే లేదు. కుర్చీ ఎక్కడ అయిపోయి గోడ ఎక్కడ మొదలవుతోందో తెలియక విసుక్కునేవాడు. గీతను కాదు, వెలుతురును చూడమని నేను కసిరేవాణ్ణి. చివరికి తన పద్ధతే పట్టాడు. క్యాలెండరు మీద పెన్సిలుతో గళ్ళు, కాన్వాసు మీద గళ్ళు, రెండూ తలకిందులు. బోర్డుల మీద కంపెనీ గుర్తుల్ని ఇలాగే ఎత్తి రాసేవాడు. ఏం వేస్తున్నామో తెలిస్తే చెయ్యి తనకు అలవాటైందే వేస్తుందట.

నెలకు పైనే పట్టింది. ముఖం ఉన్న గడి ఆఖరున వేసి, కాన్వాసు తిప్పి నిలబెట్టాడు. క్యాలెండరులో ముఖమంటే నాలుగు మరకలే. ఇతనివీ నాలుగు మరకలే. కానీ ఇవి వేరే మనిషివి.

"వచ్చింది సారూ."

జులేఖాను నేనెరుగను. ఇతనికి మతి చలించిందేమోనన్న భయం వేసింది.

ఆ పూటే బొమ్మను ఇంటికి తీసుకుపోయాడు. ఉన్నది ఒకటే గది. తల్లి అన్వరీ బేగం బొమ్మ వైపు కన్నెత్తి చూడలేదు. మర్నాడు అతను పనికి పోయాక, బొమ్మ ఎదురుగా ఉంటే నమాజు కుదరదని దాని మీద తెల్ల గుడ్డ కప్పి బిగించింది. ఆ ఇంట్లో అందరికీ తెలిసింది బోర్డు రంగు. రాత్రి వేస్తే పొద్దుటికి ఆరిపోతుంది. ఆయిల్ రంగు వారాలైనా ఆరదని నబీకి చెప్పాను. ఆమెకు చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు. తప్పు నాదే, ఇప్పటికీ అదే అంటాను.

సాయంత్రం నబీతో నేను కూడా వెళ్ళాను. బొమ్మ చూపించమంటే ఆమె గుడ్డ లాగింది. ముఖం దాంతో పాటే వచ్చేసింది. కాన్వాసు మీద పసుప్పచ్చ మరక మిగిలింది. గుడ్డ మీద ముఖం దిగింది. వాల్చి ఉన్న కళ్ళు అణిగి, మూసుకున్న కళ్ళయ్యాయి.

అన్వరీ బేగం గుడ్డను చూసి అలాగే కింద కూర్చుండిపోయింది. నా వైపు తిరిగింది.

"ఆఖరి స్నానం చేయించింది నేనే సారూ. పొల్ల మొఖం గిట్లనే ఉండె. కండ్లు గిట్లనే మూసుండె."

తర్వాత గుడ్డను ఒళ్ళో పరిచి కొడుకుతో ఉర్దూలో మెల్లగా అన్నది నాకూ అర్థమైంది. ఆ రోజు ముందుగా అడ్డుపడింది తనేనట. ఇప్పుడు చూసుకోమంది.

తిరిగొచ్చిన ముఖం చెరిగిపోతుందేమోనన్నట్టు నబీ రెండు చేతులతో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.