మామగారు దాచుకున్న పేరు

నా పిల్లలకు వాళ్ళ తాత గురించి తెలిసింది తక్కువ. పోలండ్ నుంచి వచ్చారనీ, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవారనీ మాత్రమే తెలుసు. మిగతాది ఆయన చివరి ఏడాదిలో నాకు చెప్పారు. మావారు ఇన్నేళ్ళుగా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఊరుకుంటే ఆ మనిషి అసలు పుట్టనట్టే అయిపోతాడు. అందుకే రాస్తున్నాను.

అక్క పసిపిల్లలను చూసుకోవడానికి అమెరికా వచ్చి, ఇక్కడి తెల్లవాళ్ళబ్బాయిని పెళ్ళి చేసుకున్నాను. పదో తరగతితో ఆగిన చదువు నాది. షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో కాపురం పెట్టాక పబ్లిక్ లైబ్రరీలో దాన్ని మళ్ళీ మొదలుపెట్టాను. ముందు పిల్లల పుస్తకాలు, తర్వాత వంట, ఆ తర్వాత చరిత్ర. ఏ కాలేజీ మెట్లూ ఎక్కకుండా అంత చదివానని చెప్పుకోవడం నాకిప్పటికీ గొప్పే.

అత్తగారు పోయాక మామగారు మా ఇంటికి వచ్చేశారు. పప్పు చేసిన రోజు పెరుగన్నం మళ్ళీ అడిగి వేయించుకునేవారు. కోడికూర వండిన రోజు మాత్రం పెరుగు గిన్నెను దగ్గరికి రానిచ్చేవారు కాదు.

"మమ్మీ, చికెన్ చేస్తే గ్రాండ్‌పాకి యోగర్ట్ అంటే భయం!" అని మా పెద్దమ్మాయి ఏడిపించేది.

"అవును, కరుస్తుంది," అనేవారాయన.

పెరుగన్నం తినకుండా భోజనం ముగించే మనిషిని నేనెరగను. ఒకరోజు లైబ్రరీలో యూదుల వంటల పుస్తకం తిరగేస్తుంటే కనిపించింది: మాంసం, పాలు ఒకే భోజనంలో కలపకూడదు. మర్నాడు ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆయన్ని అడిగాను.

ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు. "మా అమ్మ నేర్పిన అలవాటు. అన్నీ మార్చుకున్నాను. నోరు మాత్రం మాట వినలేదు."

యుద్ధంలో ఇంట్లోవాళ్ళను జర్మన్లు పట్టుకుపోతే ఆయన అడవిలోకి పారిపోయారట. అప్పటికి పద్నాలుగేళ్ళు. జర్మన్ల మీద పోరాడే దళం ఒకటి కనిపించింది. వాళ్ళకు యూదులంటే కూడా గిట్టదని తెలిసి, చనిపోయిన ఒక క్రైస్తవ కుర్రాడి పేరు చెప్పుకుని చేరారు. తుపాకీ ఇచ్చారు.

"యుద్ధం చివర్లో ఒక స్టేషన్‌లో జనం మధ్య నుంచి మా అక్క నన్ను పేరు పెట్టి పిలిచింది. పక్కనే దళం వాళ్ళు. ఆమె ఎవరో, పొరబడిందని వాళ్ళతో అన్నాను. ఇంతలో ఆమె ఎక్కిన రైలు కదిలింది."

ఆ తర్వాత ఎంత వెతికినా ఆమె దొరకలేదు. ఆమె పిలిచిన ఆ పేరు నాకు చెప్పారు.

"అబ్బాయికి నువ్వు చెప్పకు. నేనే చెప్పాలి," అన్నారు.

శనివారం మావారు గరాజ్‌లో కార్ ఆయిల్ మారుస్తుంటే మామగారు వెళ్ళి చెప్పారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"మరి నేను మోస్తున్న ఇంటిపేరు ఎవరిది, డాడ్?"

"ఆ కుర్రాడిది."

మావారు చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయారు. అప్పటినుంచి తండ్రితో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఆ చలికాలంలో మామగారికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. హాస్పిటల్‌లో కొడుకు చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి నా అసలు పేరుతో పిలువు," అన్నారు.

"నాకు తెలిసిన పేరు అది కాదు," అని మావారు వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆయన నా వైపు చూశారు. మామగారి పేరు కోడలు నోట పలకడం మా వైపు లేదు. ఉత్తరం మీద మా తాతగారి పేరు రాయడానికి కూడా మా అమ్మ వేరేవాళ్ళను పిలిచేది. నా నాలుక తిరగలేదు. ఆయన ఎదురుచూస్తున్నారు. చివరికి చెవి దగ్గరికి వంగి పిలిచాను.

"ఆఁ, నేనే. ఇక్కడే ఉన్నాను," అన్నారు, నాకు తెలియని భాషలో ఇంకేదో కూడా. తెల్లారేసరికి పోయారు.

ఆ పేరు అచ్చులో వద్దని మామగారు ముందే అన్నారు కనుక ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు. ఏ పుస్తకం అడిగినా విసుక్కోకుండా తెప్పించిన లైబ్రేరియన్‌కు, ఫోన్ చేయగానే మంచులో వచ్చి ప్రార్థన చదివిన యూదుల గురువు రబ్బీగారికి, ఆ వారమంతా పిల్లలకు అన్నం పెట్టిన పక్కింటి ఆంటీకి, నా తెలుగు దిద్దిన అక్కకు కృతజ్ఞతలు.

మావారికి తెలుగు రాదు. ఇదంతా ఇంగ్లీషులో చదివి వినిపించాను. మధ్యలో లేచిపోతారనుకున్నాను. చివరిదాకా కూర్చున్నారు. ఆ పేరు ఎలా పలకాలో అడిగి, నాలుగైదుసార్లు అని చూసుకున్నారు. అందుకు ఆయనకు కూడా కృతజ్ఞతలు.