రెండు ర్యామ్‌ల చోట ఒకటి

ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో నాకు కంప్యూటర్ లేదు. కొనబోయే కంప్యూటర్ జాబితా మాత్రం ఉంది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్, మానిటర్ అని వరసగా ఫోన్‌లో రాసుకున్నాను. ఇంటర్ చదివేటప్పుడు మొదలుపెట్టిన ఆ జాబితాను నెలకోసారైనా మార్చేవాణ్ణి. కొత్త ప్రాసెసర్ వచ్చిందంటే పాతది కొట్టేసి దాని పేరు రాసేవాణ్ణి. దానికి నా బోర్డు సరిపోదని తెలిస్తే బోర్డూ మార్చేవాణ్ణి. కాలేజీ చదువూ జరగాలి, కాసేపు గేమ్‌లూ ఆడాలి, ధర మాత్రం మా ఇంట్లో అడగడానికి భయం వేయనంతలో ఉండాలి. ఆ మూడూ కుదిరే యంత్రాన్ని పట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మాది నెల్లూరులో పరుపుల కొట్టు. దూది ఏకడం, కొత్త పరుపులు కుట్టడం, పాతవి విప్పి మళ్ళీ నింపడం మా నాన్న పని. ఫోమ్ పరుపులు వచ్చాక బేరాలు తగ్గాయిగాని, పెళ్ళిళ్ళ రోజుల్లో ఇప్పటికీ ఊపిరి సలపదు. సెలవుల్లో నేనూ కొట్లోనే ఉండేవాణ్ణి. కంప్యూటర్ మాటెత్తితే మా నాన్న ఏనాడూ వద్దనలేదు. కాలేజీలో ఉన్నాయి కదా, ఇప్పటికి వాటితో కానివ్వమనేవాడు. కాలేజీ వెంకటాచలం దగ్గర, హైవే మీద. అక్కడి ల్యాబ్‌లో కంప్యూటర్ ఆన్ చేసి, నీళ్ళు తాగొచ్చి కూర్చున్నా ఇంకా తెరుచుకునేది కాదు.

నా స్నేహితుడిది పెన్న ఒడ్డున ఉన్న సంగం. వాళ్ళకు బ్యారేజీ కింద వరి పొలాలున్నాయి. వాడు నెల్లూరులో గది అద్దెకు తీసుకుని చదువుకునేవాడు. మొదటి సంవత్సరం మొదటివారంలో కాలేజీ బస్సులో నా పక్కన కూర్చున్నాడు, అంతే, ఆ తర్వాత ఇద్దరం వేరే సీట్లలో కూర్చున్న రోజు లేదు. బండి అడిగితే తాళం చేతిలో పెట్టేవాడు. వాళ్ళమ్మ జంతికల్లా వేయించి పంపిన మనుబూలు డబ్బా మూత కూడా తీయకుండా ముందు నాకిచ్చేవాడు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది.

ఒకరోజు బస్సులో వాడు, వాళ్ళ నాన్న కంప్యూటర్ కొనుక్కోమన్నాడని చెప్పాడు. పంట బాగా వచ్చిందట. బండి టైరు మార్చాలన్నంత మామూలుగా చెప్పాడా మాట.

"ఏం కొనాలో నాకేం తెలుసు? నువ్వే రాసియ్. నువ్వు చెప్పిందే తీసుకుంటా" అన్నాడు.

నేను సరేనన్నాను. వాడు ఒక్క వీడియో చూసినవాడు కాదు. ప్రాసెసర్‌కూ హార్డ్ డిస్క్‌కూ తేడా అడిగితే నవ్వేసేవాడు. ఎంత పెట్టొచ్చని అడిగాను. వాడు చెప్పిన మొత్తం నా జాబితాకు సరిగ్గా సరిపోయింది. ఎక్కువైనా బాగుండేది, తక్కువైనా బాగుండేది. అప్పుడు వాడికోసం వేరే జాబితా రాసేవాణ్ణి. ఇప్పుడు రెండేళ్ళుగా నేను దిద్దుకుంటూ వచ్చిన యంత్రమే వాడి గదిలోకి వెళ్ళబోతోంది.

రెండు రోజులు ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. మూడో రోజు కొట్లో పరుపు గలీబులు మడతపెడుతూ, ఫోన్ తీసి జాబితా మొత్తం వాడికి పంపడానికి కాపీ చేశాను. పంపే ముందు ఒక్క వరస మార్చాను. రెండు ఎనిమిది జీబీ ర్యామ్‌లు అని ఉన్నచోట ఒకటే పదహారు జీబీ అని రాశాను.

ఇది తెలియనివాళ్ళకు చిన్న మార్పే. రెండు ఎనిమిదులైనా పదహారే, ఒక పదహారైనా పదహారే. కాని ఆ డబ్బులో విడిగా గ్రాఫిక్స్ కార్డు రాదు. తెర మీద బొమ్మ గీసే పని కూడా ప్రాసెసరే చేయాలి, అందుకు ర్యామ్‌నే వాడుకోవాలి. ర్యామ్ రెండు ముక్కలుగా ఉంటే రెండు దారుల్లో పని నడుస్తుంది. ఒకటే ఉంటే ఒకే దారి. చదువుకు తేడా తెలియదు, గేమ్ పెడితే తెలుస్తుంది. ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు కూడా ఉంది. ఒక స్లాటు ఖాళీగా ఉంటే రేపు ఇంకో పదహారు వేసుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు. అబద్ధం కాదు కాబట్టే ఆ వరస అంత తేలిగ్గా మార్చగలిగాను.

కంప్యూటర్ కొట్టుకు వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. ఖద్దరు చొక్కా, చేతిలో గుడ్డసంచి. కొట్టాయన మా జాబితా చదువుతూ ఒక్కో పెట్టె బల్ల మీద పెట్టాడు. బాగా ఆలోచించి రాశారని మెచ్చుకున్నాడు కూడా. ర్యామ్ దగ్గరికొచ్చేసరికి ఆగాడు.

"తమ్ముడూ, కార్డు లేదు గదా. ఇదే రేటులో రెండు ఎనిమిదులు ఏసుకోండి. గేములకు బాగుంటాది" అన్నాడు.

స్నేహితుడు నా వైపు తిరిగాడు. వాళ్ళ నాన్న కూడా నా వైపే చూశాడు. జాబితా మార్చిన రోజు నా ఎదురుగా ఎవరూ లేరు. ఇప్పుడు ముగ్గురు మనుషులు నా జవాబు కోసం చూస్తున్నారు. తప్పు దిద్దుకోవడానికి అంత సులువైన అవకాశం మళ్ళీ రాదని ఆ క్షణంలోనే నాకు తెలుసు. ఔనన్నా, మరిచిపోయానన్నా అయిపోయేది.

"ఒకటే చాలన్నా. తర్వాత ఇంకోటి ఏసుకోవచ్చు" అన్నాను.

కొట్టాయన భుజాలెగరేసి పెద్ద పెట్టె తీశాడు. డబ్బు కట్టేసి బయటికొచ్చాక స్నేహితుడి తండ్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వుండబట్టి సరిపోయింది నాయనా. మా ఇంట్లో ఎవురికి తెలుసు ఇయ్యన్నీ" అన్నాడు. నేను తల వంచుకుని పెట్టెలు ఆటోలో సర్దాను.

బిగించింది నేనే. అంతవరకు నేను ప్రాసెసర్‌ను చేత్తో ముట్టుకుని ఎరగను. వీడియోల్లో వందసార్లు చూసిన పనే, అయినా ఇంకోసారి చూసి మొదలుపెట్టాను. ప్రాసెసర్ మూల మీది బాణం గుర్తు చూసి బోర్డులో ఉంచాను, అది దానంతటదే కూర్చుంది. ఫ్యాను బిగించాను. పవర్ బటన్ తీగలు మరీ సన్నంగా ఉండి నాలుగుసార్లు జారిపోయాయి. స్నేహితుడు మంచం మీద కూర్చుని మనుబూలు తింటూ ఫోన్‌లో వీడియో తీశాడు. ర్యామ్‌ను నొక్కితే టక్కుమంది. పక్కనున్న స్లాటు ఖాళీగా ఉండిపోయింది. దాని వైపు చూడకుండా క్యాబినెట్ తలుపు మూసేశాను.

బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగి, మానిటర్ మీద అక్షరాలు వచ్చాయి. ఆ నిమిషం అది ఎవరిదన్నది మరిచిపోయాను. విండోస్ ఎక్కిస్తుంటే పేరు అడిగింది. వాడు లేచి వచ్చి, నన్ను పక్కకు జరగమని, తన పేరు కొట్టాడు.

ఆ వారంలోనే పెద్ద కార్ల గేమ్ ఒకటి ఎక్కించాడు. నేను వెనక నిలబడి చూశాను. అనుకున్నట్టే అయింది. కారు మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ పట్టిపట్టి కదిలింది. నా మనసుకు కాస్త చల్లగా ఉంటుందని అనుకున్నాను. ఉండలేదు. ఎందుకంటే వాడికది లోపమనే తోచలేదు. "ఆగి ఆగి పోతా ఉండాదిగాని భలే ఉండాది రా" అని పడీపడీ నవ్వాడు. అంతకంటే మంచిది వాడు చూసి ఉంటే కదా బాధపడటానికి. నేను దొంగిలించింది వాడికి పోయినట్టు కూడా తెలియలేదు. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మరునాడే వాడు గది తాళం రెండోది నాకిచ్చాడు. తను లేనప్పుడు కూడా వచ్చి ప్రాజెక్టు పని చేసుకోమన్నాడు. వెళ్ళేవాణ్ణి. వాడి కుర్చీలో కూర్చుని, వాడి కంప్యూటర్ మీద నా ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. కీబోర్డు మీద చిరుతిండి పొడి రాలి ఉంటే చిరాకొచ్చేది. నాదైతే ఇట్లా ఉంచుకుంటానా అనుకుంటూ బ్రష్‌తో దులిపేవాణ్ణి. క్యాబినెట్ నేల మీద పెడితే లోపలికి దుమ్ము పోతుందని మూడుసార్లు బల్ల మీద పెట్టాను. వాడు బల్ల మీద పుస్తకాలకు చోటు కావాలని మళ్ళీ కింద పెట్టేవాడు. ఆ పెట్టె విషయంలో నాకు వాడి మీద వచ్చిన కోపం చూస్తే బయటివాళ్ళకు నవ్వొచ్చేది.

ఆదివారాలు మా క్లాసువాళ్ళు ఆ గదిలో చేరడం మొదలైంది. అంతకుముందు కంప్యూటర్ సంగతులు అడగాలంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు వాడి చుట్టూ మూగేవాళ్ళు. వాళ్ళలో ఒకడు కాసేపు ఆడి, ఈ ప్రాసెసర్‌కు ఇంత నెమ్మదిగా ఉండకూడదే, ఏదో తేడా ఉందన్నాడు. స్నేహితుడు తల కూడా తిప్పకుండా, దీన్ని ఎంచింది మావాడు, ఇందులో తప్పుండదు, గేమే బరువుగా ఉందని చెప్పాడు. నేను మంచినీళ్ళ కోసమన్నట్టు బయటికి వెళ్ళి, మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. వాడి నమ్మకం మీద కూడా నాకు అసూయ కలిగింది. నేనెవరినీ అట్లా నమ్మలేదు.

సెమిస్టర్ పరీక్షలయ్యాక వాడు నన్ను సంగం తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళ నాన్న కంప్యూటర్ ఎట్లా ఉందని అడిగితే, వాడు మళ్ళీ నన్నే పొగిడాడు. ఆయన తన విస్తరి పక్కనున్న చేపల పులుసు గిన్నె నా వైపు జరిపాడు. తిన్నాక ఇద్దరం కాలవ గట్టు మీద నడిచాం. పెన్న మీదుగా గాలి గట్టిగా వీస్తోంది. అక్కడ చెప్పాను.

"ఆ ర్యామ్ కావాలనే ఒకటి తీసుకోమన్నా. కొట్టాయన చెప్పిందే నిజం. రెండేసుంటే గేము ఆగేది కాదు."

వాడికి ముందు అర్థం కాలేదు. పొరపాటు పడ్డానని అనుకున్నాడు. పోనీలే అన్నాడు. పొరపాటు కాదని, నాకు అప్పుడే తెలుసునని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"తెలిసి ఎందుకట్ట చెప్పినావు?"

"అది నాకోసం రాసుకున్న లిస్టు. నీకు రావడం ఓర్చుకోలేకపోయినా."

"నామీద కోపమా?"

"కోపం కాదు. కుళ్ళు."

వాడు నీళ్ళ వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా నాయన ఆరోజు నీ చెయ్యి పట్టుకున్నాడు గదరా."

సాయంత్రం బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించాడు గాని, మాట్లాడలేదు. కాలేజీ తెరిచాక బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు.

రెండో ర్యామ్ కొనిద్దామని నేను ఆ కంప్యూటర్ కొట్టుకు వెళ్ళాను. ఆ కొద్ది నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగిపోయాయి. సెలవుల్లో మా కొట్లో పనిచేసినందుకు మా నాన్న ఇచ్చినదంతా కలిపినా సగానికి కూడా రాలేదు. కొన్నరోజే మార్పించి ఉంటే రూపాయి తేడా ఉండేది కాదు. కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు.

తర్వాత రెండు వారాలకు క్లాసువాడొకడు చెప్పాడు, నా స్నేహితుడు ఆ పెరిగిన ధరకే రెండో ర్యామ్ కొన్నాడని, వీడియో చూసి తనే బిగించుకున్నాడని. ఆ మాట విన్నప్పుడు నాకు సిగ్గు ముందు రాలేదు. నన్ను పిలవకుండా క్యాబినెట్ తెరిచాడా అన్న ఉక్రోషం ముందొచ్చింది. తీగల సర్దుబాటు నేను చేసింది. ఆ తలుపు మూసింది నేను. నాకున్నది ఒక్క విద్య, అది కూడా వాడు ఒక పూటలో నేర్చేసుకున్నాడు.

తాళం తిరిగి ఇవ్వడానికి గదికి వెళ్ళాను. వాడు గేమ్ ఆడుతున్నాడు. లేవలేదు, వెళ్ళమని కూడా అనలేదు. "చూస్తావా?" అని కొంచెం జరిగాడు. కారు మలుపు తిరిగింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు, నీళ్ళలా సాగిపోయింది. నేను జాబితాలో రాసుకున్న యంత్రం పనిచేయడం కళ్ళారా చూడటం నాకదే మొదటిసారి. బాగుందన్నాను. తాళం బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మాటలు కొద్దికొద్దిగానే మొదలయ్యాయి. మునుపటిలా కాదు. డబ్బా వచ్చినప్పుడు ఇప్పుడు మూత తీసి, తను రెండు తీసుకుని, తర్వాత నాకిస్తాడు.

ఈమధ్య వాడి చెల్లెలికి ఇంజినీరింగ్ సీటొచ్చింది. ఆ పిల్లకూ ఒక కంప్యూటర్ కావాలి. వాడు నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వైతే నీకు ఏది కొనుక్కుంటావో అదే రాయి. రాయలేకపోతే ఇప్పుడే చెప్పు, కొట్టాయన్ని అడుగుతా" అన్నాడు.

రాయగలనో లేదో రేపు చెబుతానన్నాను. మూడో సంవత్సరం అయిపోవస్తున్నా నాకింకా కంప్యూటర్ లేదు. మంట తగ్గలేదు, నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీదికి కూడా కొంచెం పాకింది. మరునాడు కూర్చుని, ఒక్కో వరసా నాకోసమే అనుకుంటూ రాశాను. ఇచ్చేటప్పుడు, ఇది ఇవ్వడానికి ఇప్పటికీ మనసు రావడం లేదని వాడితో చెప్పేశాను.

"తెలుసులే" అని వాడు ఫోన్ తీసుకుని, జాబితా మొదటినుంచీ చివరిదాకా తనే ఒకసారి చదివాడు. ఒకచోట వేలు పెట్టి, ఈ పవర్ సప్లై ఎందుకని అడిగాడు. చెప్పాను. తలూపాడు. శనివారం అన్నీ కొని, ఆ పెట్టెలతో సంగం బస్సెక్కాం. మానిటర్‌ను పైన పెడితే పగులుతుందేమోనని, దారి పొడుగునా నా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.