ముందు ఎవరి కుక్కో రాయండి

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున ఐదో తరగతిలో హాజరు పిలుస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు. "పశువుల డాక్టర్ సాబ్ పోయిండంట. చాయ్ తాగి కుర్చీల కూసున్నడంట, అట్లనే పోయిండంట" అన్నాడు. మిగిలిన పేర్లు పిలవలేకపోయాను. పిల్లలకు నాలుగు కూడికలు ఇచ్చి వరండాలోకి వచ్చి నిలబడ్డాను.

మా భోపాల్‌పట్నంలో ఆయనను ఎరగని ఇల్లు లేదు. సర్కారు పశువుల దవాఖానాలో పనిచేసి రిటైరైనా, ఆయన ఇంటి అరుగు మీద పొద్దున్నే మేకలు, దూడలు, కుక్కలు ఉండేవి. ఒక్కో జీవాన్ని ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. ముందు చూసినదాని వాసన వస్తే తర్వాతది బెదురుతుందట. మనుషులతో తెలుగు, హిందీ, అడవి పల్లెల గోండీ, దోర్లీ మాట్లాడేవాడు. కుక్కతో మాత్రం ఏ భాషా మాట్లాడేవాడు కాదు. దానికి పక్కకు తిరిగి, కళ్ళలోకి చూడకుండా ఊరికే కూర్చునేవాడు. అదే లేచి దగ్గరికొచ్చేది.

నేను ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పాలంటే, ఒకప్పుడు ఆయన మీద ఎంత కోపం తెచ్చుకున్నానో ముందు చెప్పాలి.

మూడేళ్ళ కిందట మా వీధిలోని రోడ్ల కాంట్రాక్టరు ఒక రాట్‌వీలర్‌ను తెచ్చాడు. నల్లగా, దూడంత ఉండేది. గేటు లోపల, టిప్పర్ పక్కన కట్టేసి ఉంచేవాడు. ఒక ఎండాకాలం సాయంత్రం అది గొలుసు తెంపుకుని పాలాయన ముంజేతిని పట్టేసింది. నలుగురు కలిసి విడిపించాల్సి వచ్చింది. ఆ చేతికి కుట్లు పడ్డాయి.

మర్నాడు అందరూ కలిసి అర్జీ పెట్టాలన్నారు. నా రాత బాగుంటుందని నన్నే రాయమన్నారు. ఈ జాతి కుక్కలు పట్నంలో ఉండకూడదు, ఉన్నదాన్ని చంపేయాలి అని రాశాను. పశువుల డాక్టరు సంతకం ఉంటే బలంగా ఉంటుందని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన చదివి, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"గొలుసు ఎంత పొడుగుంది టీచరమ్మా?"

నాకు తెలియదన్నాను.

"రోజుకు ఎంతసేపు ఇడుస్తుండు? ఇంతకుముందు ఎవరినన్న కరిసిందా? గేటు కాడ ఎవరన్న గెలుకుతున్నరా?"

చివరిదానికి నాకు జవాబు తెలుసు. గేటు సందుల్లోంచి దాన్ని రాళ్ళతో కొట్టేవాళ్ళలో నా క్లాసు పిల్లలే ఉన్నారు. ఆ మాట చెప్పలేదు.

"ఆ కుక్కలు పుట్టుకతోనే అంత కదా సార్" అన్నాను.

"దాని దవడకు బలం ఎక్కువ, కాదనను. బలమున్నదాన్ని పెంచేటోడు ఇంకింత జాగ్రత్తగుండాలె. మీరు జాతి పేరు రాస్తే కట్టేసినోడు తప్పించుకుంటడు. ముందు ఎవరి కుక్కో రాయండి. తర్వాత ఏం చేసిందో రాయండి. జాతి ఆఖర్ల రాసినా నడుస్తది."

సంతకం పెట్టలేదు. నేను లేచి వస్తుంటే మెల్లిగా అడిగాడు. "మీ తెల్లకుక్క తినే గిన్నె కాడికి ఎవరన్న పోతే ఇంకా గుర్రుమంటున్నదా?"

నాకు ఒళ్ళు మండింది. పాలాయన చేయి చీలిపోతే, ఒళ్ళో పడుకునే నా పామెరేనియన్ సంగతి ఇప్పుడెందుకు? అర్జీని సంచిలో కుక్కుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఆయన కాంట్రాక్టరు ఇంటికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. "కాపలాకు తెచ్చిన సార్, అది కోపంగనే ఉండాలె" అన్నాడట కాంట్రాక్టరు. "కాపలా పని నీ గేటుది. కుక్కను పిచ్చిదాన్ని చేసి కాపలా అంటే ఎట్ల?" అన్నాడట ఈయన. పాలాయన ఇంటికి పోయి తప్పు ఒప్పుకోమని కాంట్రాక్టరుకు చెప్పాడు. అతని చేతే కుక్కకు చుట్టూ ఇనుప జాలీ వేసిన చోటు కట్టించాడు. బయటికి తెస్తే మూతికి బుట్ట ఉండాలన్నాడు, ఆ తెచ్చేది కూడా నౌకరు కాదు, యజమానే అన్నాడు. రెండు నెలలు రోజూ వెళ్ళి చూశాడు. ఇంత చేశాక కూడా కరిస్తే దాన్ని చంపే సూది తానే వేస్తానని ముఖాన చెప్పాడు. అది ఉత్త బెదిరింపు కాదని అందరికీ తెలుసు. కారణం లేకుండా రెండుసార్లు మనుషుల మీద పడిందని, తాను పాలు పోసి పెంచిన నాటుకుక్కకు ఆ సూది వేసింది ఆయనే.

వానలు మొదలయ్యాయి. అర్జీ నా సంచిలోనే ఉండిపోయింది.

ఒక ఆదివారం మా ఇంట్లో పనిచేసే ఆమె తన ఆరేళ్ళ కూతురిని వెంట తెచ్చుకుంది. పాప బంతి దొర్లుకుంటూ నా కుక్క గిన్నె దగ్గరికి పోయింది. పాప వంగింది. ఆ గుర్రుమనడాన్ని మేము ఎన్నేళ్ళుగా చూసి నవ్వాం, చుట్టాలకు వీడియోలు తీసి పంపాం. ఈసారి గుర్రుమని ఆగలేదు. పాప చెంప మీద, కంటికి వేలెడు కిందుగా కరిచింది.

సబ్బునీళ్ళతో కడిగి దవాఖానాకు ఎత్తుకుని పరిగెత్తాను. పాప తల్లి "చిన్న కుక్కే కదమ్మా" అంది. ఆమె తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

"ఎవరికీ తెల్వదు, ఊకో" అన్నాడు మా ఆయన. ఊరుకోవాలనే అనిపించింది కూడా. కానీ పాలాయన చేయి గురించి అంత పెద్ద అర్జీ రాసినదాన్ని నేనే. డాక్టర్ సాబ్ అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాను.

"నేను చెప్పిన్నా లేదా" అనలేదాయన. "పాపకు సూదులన్నీ అయ్యేదాక మీరే తోలుకపోతరా?" అని అడిగాడు. తోలుకుపోతానన్నాను. "మరి కాగితం రాయండి" అన్నాడు.

సంచిలోని అర్జీ తీసి దాని వెనకవైపే రాశాను. మొదటి వరుసలో నా పేరు. తర్వాత నా కుక్క చేసింది. ఆ తర్వాత నేను ఏళ్ళ తరబడి చేయనిది. ఆ వారం వార్డు మీటింగులో లేచి చదివాను. వెనక నుంచి ఎవరో నవ్వారు. పాలాయన ఆ మచ్చ ఉన్న చేయి ఎత్తి, "కరిస్తే కరిసినట్టే, చిన్నదేంది పెద్దదేంది" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. మా వీధిలో కుక్క మీద ఫిర్యాదు రాస్తే ఆ రోజు నుంచి ముందు యజమాని పేరే రాస్తున్నాం.

నా కుక్క ఇప్పుడు వెనక గదిలో ఒంటరిగా తింటుంది. ఎవరైనా వస్తే జాలీ తలుపు వెనకే ఉంటుంది. కాంట్రాక్టరు కుక్క ఇంకెవరినీ కరవలేదు, అలాగని అందరి దగ్గరికీ రాదు. "అందరి కుక్క కానక్కర లేదు, ఒకరి బాధ్యతైతే చాలు" అనేవాడాయన.

ఆయన పదకొండో దినం అయిన మర్నాడు పొద్దున స్కూలుకు పోతూ ఆయన ఇంటి ముందు ఆగాను. అరుగు మీద ఒక దోర్ల రైతు కూర్చున్నాడు. అడవి దాటి నడిచొచ్చాడని కాళ్ళ బురద చూస్తే తెలుస్తోంది. పక్కన చెవి చీము పట్టిన పెద్ద వేటకుక్క. డాక్టరు ఇక లేడని, సర్కారు దవాఖానాకు పొమ్మని డాక్టర్ సాబ్ భార్య దోర్లీలో చెప్పింది. ఆ మనిషి తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లేవలేదు. ఆమె లోపలికి వెళ్ళి ఒక గిన్నెలో నీళ్ళు తెచ్చి కుక్క ముందు పెట్టి, పక్కకు తిరిగి కూర్చుంది. కుక్క కాసేపు ఆమెను చూసి, వంగి నీళ్ళు తాగసాగింది.