డబ్బాల మేడమ్

నా ఉద్యోగం గురించి అమ్మకి ఫోన్‌లో సరిగ్గా చెప్పను. రీసెర్చ్ అంటాను, ఆవిడ సంబరపడిపోతుంది. నిజానికి నేను చేసేది, ఆదివారాలు మగవాళ్ల వెంటపడి, పొద్దున్నే లేవగానే పోసే ఉచ్చ ఈ చిన్న డబ్బాలో పట్టి ఇవ్వండి బాబూ అని బతిమాలడం. ఎండలో పనిచేసేవాళ్ల కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే పరిశోధన అది. డబ్బా మీద పేరుండదు, నంబరే ఉంటుంది. కంపెనీకి ఏమీ చెప్పం. ఈ రెండు ముక్కలూ నిద్రలో కూడా అంటున్నానని మా ఆయన వెక్కిరిస్తాడు.

నమ్మేదెవరు? ఈ పరాయి దేశంలో, షిప్‌యార్డ్‌లో ఓడలు కట్టే పనిచేసే మనవాళ్లకి ఒకటే భయం. ఒంట్లో బాగాలేదని తేలితే ఇక్కడ పనిచేసే పర్మిట్ పోతుంది, ఇంటికి విమానం ఎక్కించేస్తారు. అది నిజమా పుకారా అని వాదించి లాభం లేదు. అలా వెళ్లిపోయినవాడి కథ ఒకటి వర్కర్లు ఉండే ప్రతి డార్మిటరీలోనూ తిరుగుతూనే ఉంటుంది. ఈ మధ్య గాలి కూడా మారింది. మేముండే చోవా చూ కాంగ్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాక్ వాట్సాప్ గ్రూపులో, ఆదివారాలు బిల్డింగ్ కింద నీడలో కూర్చున్న వర్కర్ల ఫోటోలు తీసి పెడుతున్నారు. వీళ్లని కూర్చోనివ్వొద్దు, వెనక్కి పంపేయండి అని రాస్తున్నారు. లిఫ్టులో నన్ను చూసి నవ్వే పక్కింటి ఆంటీ కూడా ఆ గ్రూపులో అవుననే రాసింది. అప్పట్నుంచి ఆవిడ నవ్వితే ఒళ్లు మండుతుంది, లోపల్లోపల భయమూ వేస్తుంది.

యీషున్ అనే పేట అవతల ఒక డార్మిటరీలో, ఒక గదివాళ్లు మాత్రం నాకు కొరకరాని కొయ్యలయ్యారు. అందరిదీ శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు. అక్కడి ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని కొంపలు ముంచిందో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మాట వింటేనే మొహాలు మాడిపోయేవి. గది తరఫున మాట్లాడేది వెల్డింగ్ చేసే పెద్దాయన ఒక్కడే.

"మాకేటీ నేదు మేడమ్. ఉన్నా తెలుసుకోని ఏటి సేత్తాం?" అనేవాడు.

నేను వదల్లేదు. పులిహోర చేసి పట్టుకెళ్లేదాన్ని. అందరూ లొట్టలేసుకుంటూ తినేవారు, ఒక్క సామి తప్ప. ఆ గదిలో అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు అతనొక్కడే. చీకటితోనే లేచి చన్నీళ్ల స్నానం, తన వంట తనే. నల్లబట్టల్లో ఓ మూల కూర్చుని, నన్ను 'మాతా' అని పిలుస్తుంటే, నాకున్నట్టుండి వయసు మీద పడ్డట్టుండేది.

చివరికి ఒకరోజు పెద్దాయన, "సర్లెండి, గదంతా ఇచ్చేత్తాం. మరి మా ఎనకాల పడకండి" అన్నాడు. తర్వాతి ఆదివారం డబ్బాలన్నీ కవర్లో సర్ది తనే తెచ్చి ఇచ్చాడు. ట్రైన్‌లో ఆ కవరు ఒళ్లో పెట్టుకుని క్లినిక్‌కి వెళుతుంటే, ఎవరికో పెళ్లి కుదిర్చినంత గర్వంగా ఉంది.

ఫలితాలు వచ్చాయి. గది మొత్తం కిడ్నీలు పాడే. ఒక్కరిది కూడా బాగాలేదు. తాగే నీళ్లలో ఏమన్నా కలిసిందా అని నేను కంగారు పడుతుంటే, మా డాక్టరు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసింది. చైనీస్ ఆవిడ, అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు.

"ఇవన్నీ ఒకే మనిషివి," అంది. "ఇంతమందివి ఇంత అచ్చంగా కలవవు. అతనెవరో కనుక్కో. వైద్యం మొదలుపెట్టకపోతే డయాలసిస్ దాకా పోతుంది."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అందర్లోకీ ఆరోగ్యంగా ఉన్నాడని గదంతా కలిసి ఒకణ్ణి ఎంచుకుని, డబ్బాలన్నీ అతనితోనే నింపించినట్టుంది. ఆ ఒక్కడే పాడైపోతున్నాడు. ఆ సంగతి అతనికీ తెలియదు.

పెద్దాయనకి ఫోన్ చేసి, మళ్లీ ఇవ్వాలి అన్నాను. "ఏటైంది మేడమ్?" గొంతు మారిపోయింది. ఫోన్‌లో చెప్పకూడదని మా నియమం. కలిసినప్పుడు చెబుతానన్నాను. అంతే, ఆ గదిలో మరి ఎవరూ నా ఫోన్ ఎత్తలేదు. కొన్నాళ్లకి ఒక వాయిస్ మెసేజ్ చేతులు మారి మారి నాకే వచ్చింది. "డబ్బాల మేడమని ఒకావిడ తిరగతంది. తెలుగే మాటాడతది, పులిహోర పెడతది. ఆవిడ కంపెనీ మనిసి. ఇచ్చినోళ్ల పేర్లు పైకి ఎల్లిపోతన్నాయి, జాగర్త." ఎవరి గొంతో తెలియదు.

ఆ ఆదివారం యీషున్‌లో గుడికి వెళ్లాను, అక్కడ అయ్యప్ప భజన ఉంటుందని తెలిసి. మాలలో ఉన్నవాడు అబద్ధం ఆడడు, నాకున్న ధైర్యం అదొక్కటే. భజన అయ్యాక సామిని పక్కకి పిలిచి, ఆ డబ్బాలు ఎవరివని అడిగాను.

అతను తల దించుకున్నాడు. "అన్నీ నాయే మాతా. మాలలో ఉన్నాను గదా, మందు నేదు, నీసు నేదు, నా ఒళ్లయితే సుద్దంగా ఉంటాదని అందరూ నన్నే అడిగేరు. దీచ్చలో ఉండి సాయం కాదనకూడదు గదా."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను మెళ్లో మాల గట్టిగా పట్టుకుని విన్నాడు. "మా నానా ఇలగే పోయేడు" అన్నాడు. రేపు క్లినిక్‌కి రా, కంపెనీకి తెలియదు అన్నాను. వస్తానన్నాడు. సెలవెందుకని అడుగుతారు గదా అని మళ్లీ తనే అన్నాడు.

అంతలోనే అతని మొహం ఎందుకో తేటపడింది.

"అయితే మాతా, గదిలో మావోళ్లందరూ బాగున్నట్టే గదా? పాడైంది నాదొక్కడిదే గదా?"

నేను గేటు వైపు చూశాను. పెద్దాయన, మిగతావాళ్లు అక్కడ గుంపుగా నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. వాళ్లలో ఒకడు ఫోన్ ఎత్తి నా ఫోటో తీస్తున్నాడు. వాళ్లలో ఏ ఒక్కడి డబ్బా నా చేతికి ఇంతవరకూ రాలేదు.