ఎవరి అతుకు ఊడింది?

"అది నాసిరకం ఇనుము. నా షాపుకొస్తే తుక్కులో పారేసేవాణ్ణి."

"తప్పు ఇనుముదా, ఐదో వారానికే నిచ్చెనెక్కిన మహానుభావుడిదా?"

తలుపు బయట ఎముకల డాక్టర్ ఆగిపోయాడు. లోపల పోట్లాడుకుంటున్నది వెల్డింగ్ మేస్త్రి, ఆయన భార్య. తొమ్మిది నెలల కిందట మేస్త్రికి మోకాలి కింది ఎముక విరిగితే ప్లేటు బిగించింది ఈ డాక్టరే. ఇవాళ్టి ఎక్స్‌రేలో ఎముక అతకలేదు సరికదా, ప్లేటు రెండు ముక్కలై కనిపించింది.

డాక్టర్‌కీ మేస్త్రికీ పాత లెక్క ఒకటుంది. పోయినేడు ఆసుపత్రి గేటుకి ఈ మేస్త్రి అతికిన కీలు ఊడితే డాక్టర్ ఆయన్నే పిలిపించి నిలదీశాడు. ఆయన తొణక్కుండా, తన వెల్డింగ్‌కి ఢోకా లేదని, వాచ్‌మనే గేటెక్కి ఊగి ఉంటాడని తేల్చేశాడు. వాచ్‌మన్‌కి అప్పటికే అరవై ఐదు దాటాయి.

అందుకే లోపలికి వెళ్లగానే డాక్టర్ నోరు ఊరుకోలేదు.

"నా ప్లేటుకి ఢోకా లేదు మేస్త్రి గారూ. మీరే ఎక్కి ఊగారు."

భార్య నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. మేస్త్రి గొణిగాడు. తన పనిలో పొద్దున అతికితే సాయంత్రానికి బరువెయ్యొచ్చు. లోపల ఇనుముంది కదా, ఇంక భయమేంటనుకున్నాడట.

ప్లేటు ఎముకను అతికించదని, అతుక్కునేదాకా పట్టుకుని ఉంటుందంతేనని డాక్టర్ చెప్పాడు. ఎముక అతకకపోతే ప్లేటు అడుగడుగుకీ వంగి వంగి, తీగ తెగినట్టు తెగుతుంది. ముందు లోపల చీము లేదని పరీక్షల్లో తేలాలి. తర్వాత ముక్కలు తీసేసి, ఎముక బోలులోకి రాడ్డు దించి, తుంటి దగ్గర గీకి తెచ్చిన ఎముకను సందులో కూరాలి. సిగరెట్లు మానకపోతే అదీ అతకదు. ఈసారీ అతకలేదంటే నిచ్చెన సంగతి మర్చిపోవడమే.

నిచ్చెన లేకపోతే మేస్త్రికి పనే లేదు. ఆయన పాత ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టాడు. ఆపరేషన్ మర్నాడు తీసింది అది. విరిగిన చోట గోటితో గీశాడు.

"ఇంత సందొదిలి బిగిస్తే బరువంతా ఇనప పట్టీ మీద పడదా?"

ఆ సందు డాక్టర్ పొద్దున్నే చూశాడు. మూడుసార్లు చూశాడు. ఇప్పుడు వాచ్‌మన్ మీదికి తోసెయ్యడానికీ లేదు.

"పడుతుంది. అది నా తప్పే," అన్నాడు.

మేస్త్రి జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"మానేస్తాను. కానీ నన్ను పూర్తిగా నిద్రపుచ్చకండి డాక్టర్ గారూ. నడుం కింద మత్తు చాలు. ఈసారి మీరు బిగిస్తుంటే ఆ చప్పుడు నేను వినాలి."